డిప్రెషన్ వల్ల ఒంటికి కూడా జబ్బు వస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ అక్కకి నలభై ఆరేళ్లు. మూడేళ్లుగా డిప్రెషన్ ఉంది. కొన్నాళ్లు మందులు వాడి మానేశారు. ఆర్నెల్ల క్రితం షుగర్ బయటపడింది. నడుం నొప్పి వదలడం లేదు, స్కానింగులో ఏమీ తేలలేదు. ఇంట్లోవాళ్లు "దిగులుపడి దిగులుపడి షుగర్ తెచ్చుకుంది" అంటున్నారు. చూపించుకున్న డాక్టరు "దానికీ దీనికీ సంబంధం లేదు" అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి, అక్కతో ఏమని చెప్పాలి అని మీ ప్రశ్న.

ఇద్దరూ చెప్పింది సగమే. నేను ఇరవై రెండేళ్లుగా జనరల్ మెడిసిన్‌లో ఉన్నాను, మానసిక వైద్యుణ్ని కాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది షుగరు, బీపీ, గుండె జబ్బులవాళ్లే. వాళ్లలో డిప్రెషన్ ఉన్నవాళ్లని గుర్తుపట్టడం మొదటి పదేళ్లూ నాకు సరిగ్గా చేతకాలేదు. కాబట్టి కింద రాసేదాంట్లో కొంత చదివి తెలుసుకున్నది, కొంత తప్పుచేసి నేర్చుకున్నది.

డిప్రెషన్ ఒంటి జబ్బులకి దోహదం చేస్తుంది. గుండె జబ్బు, టైప్ 2 షుగర్ విషయంలో దీనికి గట్టి ఆధారాలే ఉన్నాయి. అయితే దోహదం చేయడం వేరు, అదొక్కటే తెచ్చిపెట్టడం వేరు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి షుగర్ రాదు. షుగర్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి డిప్రెషన్ ఉండదు. అమ్మానాన్నల నుంచి వచ్చిన గుణం, వయసు, బరువు, కదలకుండా కూర్చునే బతుకు ఇవన్నీ కలిసి బండిని తోస్తుంటే, డిప్రెషన్ కూడా ఒక చెయ్యి వేస్తుంది. ఆ చెయ్యి ఎంత బలంగా తోసిందో ఒక్క మనిషి విషయంలో విడదీసి చెప్పడం ఎవరివల్లా కాదు. మీ అక్కకి షుగర్ ఇందువల్లే వచ్చిందని గానీ, ఇందువల్ల కానే కాదని గానీ ఎవరైనా ఖాయంగా చెబితే, వాళ్లు తెలిసినదానికన్నా ఎక్కువ మాట్లాడుతున్నారని అర్థం.

లెక్కల్లో చూద్దాం. చాలా ఏళ్లపాటు మనుషుల్ని గమనిస్తూ చేసిన అధ్యయనాలన్నిటినీ 2008లో ఒకచోట కలిపి చూశారు. డిప్రెషన్ ఉన్నవాళ్లకి తర్వాత టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే సుమారు 60 శాతం ఎక్కువని తేలింది. అరవై శాతం అనగానే గుండె జారుతుంది కదా. మామూలుగా వందమందిలో ఐదుగురికి వచ్చేచోట ఎనిమిది మందికి వస్తుందని దాని అర్థం. అదే పరిశీలనలో ఇంకో సంగతి కూడా తేలింది. ముందు షుగర్ ఉన్నవాళ్లకి తర్వాత డిప్రెషన్ వచ్చే అవకాశం 15 శాతం దాకా ఎక్కువ. అంటే రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి, కాకపోతే ఒక వైపు రద్దీ ఎక్కువ.

గుండె సంగతి ఇంకా ముందే బయటపడింది. 1993లో కెనడాలోని మాంట్రియల్‌లో, గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేరిన 222 మందిని ఆరు నెలలు గమనించారు. ఆసుపత్రిలో ఉన్నప్పుడే డిప్రెషన్ ఉన్నట్టు తేలినవాళ్లలో ఆ ఆరు నెలల్లో మరణాలు, గుండె ఎంత దెబ్బతిందో కూడా లెక్కలోకి తీసుకున్నాక, నాలుగు రెట్లకు పైగా ఉన్నాయి. అది చిన్న అధ్యయనం. తర్వాత పెద్దవి చేస్తే ఆ తేడా తగ్గింది గానీ పోలేదు. 2004లో 52 దేశాల్లో మొదటిసారి గుండెపోటు వచ్చినవాళ్లని, రానివాళ్లని పోల్చి చూసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ముఖ్యమైన తొమ్మిది కారణాలు ఏరితే, పొగ తాగడం, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్లతో పాటు మానసిక ఒత్తిడి, కుంగుబాటు కూడా ఆ వరసలో ఉన్నాయి. గుండెపోటు తర్వాత కోలుకోవడాన్ని దెబ్బతీసే కారణాల్లో డిప్రెషన్‌ని కూడా ఒకటిగా లెక్కించాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో సిఫారసు చేసింది. కాబట్టి "సంబంధం లేదు" అన్న డాక్టరుగారి మాట పాతకాలపుది. ఆయన తొందరలో ఉండి అనేసి ఉంటారు, నేనూ అలాంటి మాటలు అన్నవాణ్నే.

మరి మనసులో ఉన్నది ఒంట్లోకి ఎలా దిగుతుంది? కిడ్నీల మీద టోపీల్లా కూర్చుని రెండు అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. అవి కార్టిసాల్ అనే హార్మోన్‌ని వదులుతాయి. పొద్దున లేచే వేళకి అది బాగా పెరిగి, రాత్రికి అడుగంటుతుంది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో కొందరికి, ముఖ్యంగా తీవ్రంగా ఉన్నవాళ్లకి, రాత్రి కూడా అది దిగాల్సినంత దిగదు. ఉబ్బసానికో కీళ్లవాతానికో స్టెరాయిడ్ మాత్రలు వాడితే షుగర్ పెరగడం మీరు చూసే ఉంటారు. కార్టిసాల్ అంటే మన ఒంట్లోనే తయారయ్యే స్టెరాయిడ్. అది లివర్ చేత గ్లూకోజ్ వదిలిస్తుంది, ఇన్సులిన్ మాట చెల్లనివ్వదు, కొవ్వుని పొట్ట దగ్గర పోగేస్తుంది. గుండె వైపు చూస్తే, నరాల వ్యవస్థ ఎప్పుడూ పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నట్టు బిగుసుకుని ఉంటుంది. రక్తంలో గడ్డకట్టే కణాలు, అదే ప్లేట్‌లెట్లు, చిన్నదానికే అతుక్కునే స్వభావం చూపిస్తాయి.

మూడోది ఇన్‌ఫ్లమేషన్. దెబ్బ తగిలినా, క్రిమి సోకినా ఒళ్లు చేసే రక్షణ పని అది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో చాలామందికి ఏ దెబ్బా తగలకపోయినా రక్తంలో సీఆర్‌పీ లాంటి సూచికలు సగటున కాస్త ఎక్కువగా ఉంటాయి. చాలా తక్కువ మంట మీద ఏళ్ల తరబడి ఉడుకుతున్నట్టు. రక్తనాళాల గోడలకి అది మంచిది కాదు.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్లి ఒక సంగతి చెప్పాలి. "అంతా మనసులోనే ఉంది" అనేవాళ్లకి నేను ఎప్పుడూ ఇదే చెబుతాను. హెపటైటిస్ సి కి ఇప్పుడు మంచి మాత్రలు వచ్చాయి గానీ, ఇదివరకు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లు. ఇంటర్‌ఫెరాన్ అంటే ఇన్‌ఫ్లమేషన్ కోసం ఒళ్లు తయారుచేసుకునే పదార్థమే, బయటినుంచి ఎక్కిస్తారు. అప్పటిదాకా హాయిగా ఉన్న మనుషులు కూడా, కొన్ని వారాల్లోనే ఏడవడం, నిద్ర పట్టకపోవడం, బతుకు మీద విసుగు అంటూ వచ్చేవాళ్లు. అందరికీ కాదు, కానీ తక్కువమందికీ కాదు. 2001లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి ఎక్కువ మోతాదులో ఇంటర్‌ఫెరాన్ తీసుకోబోతున్న 40 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి డిప్రెషన్ మందు ముందుగానే మొదలుపెట్టారు, రెండో గుంపుకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర గుంపులో 45 శాతం మందికి డిప్రెషన్ వచ్చింది, మందు వాడినవాళ్లలో 11 శాతానికే. ఒక ఇంజెక్షన్ మనిషికి దిగులు తెప్పించగలిగితే, దిగులు ఒంటిని కదిపిందంటే ఆశ్చర్యం దేనికి? మెదడు కూడా ఒంట్లో ఒక భాగమే కదా.

ఇదంతా బాగానే ఉంది. కానీ నా గదిలో కూర్చుని చూస్తే నాకు రోజూ ఎదురయ్యేది ఈ హార్మోన్లు కాదు. అంతకన్నా మామూలు సంగతి.

ఒకాయన ఉన్నారు. గుర్తుపట్టకుండా వివరాలు కాస్త మార్చి చెబుతున్నాను. అరవై దాటాయి, గుండెకి స్టెంట్ వేసి ఏడాదైంది. వచ్చినప్పుడల్లా బీపీ నూట అరవై పైనే. కొలెస్ట్రాల్ దిగదు. ఒకసారి మోతాదు పెంచాను. మళ్లీ పెంచాను. ఇంకో మందు కలిపాను. ఆయన ప్రతిసారీ తలూపేవారు, "అలాగేనండి" అనేవారు, ఎదురు ప్రశ్న ఒక్కటి కూడా అడిగేవారు కాదు. బుద్ధిమంతుడైన పేషెంట్ అనుకున్నాను. నాలుగోసారి ఎందుకో అనుమానం వచ్చి, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెమ్మన్నాను. వాళ్లావిడ సంచీలోంచి బల్ల మీద బోర్లించారు. కొలెస్ట్రాల్ మాత్రల స్ట్రిప్ ఒకటి పది మాత్రలది, నాలుగు నొక్కి తీసి ఉన్నాయి, ఆరు అలాగే ఉన్నాయి. ఇంకో స్ట్రిప్ రెండో చివర నుంచి మొదలుపెట్టి, రెండు తీసి వదిలేసి ఉంది. బీపీ మాత్రల డబ్బాలు రెండు సీలు కూడా తీయలేదు. కవరు మీద మందుల షాపువాళ్లు వేసిన తేదీ చూస్తే రెండున్నర నెలల కిందటిది. ఇదేంటండీ అన్నాను. ఆయన కోపంగానూ కాదు, సిగ్గుగానూ కాదు, మామూలుగా అన్నారు: "వేసుకున్నా వేసుకోకపోయినా ఒకటే కదండీ."

డిప్రెషన్ ఉందని నాకు అప్పుడు తెలిసింది. మతిమరుపు అయితే "మర్చిపోయానండీ" అంటారు. ఒకటే కదండీ అనడం వేరు.

డిప్రెషన్ ఉన్నవాళ్లు చికిత్సని సరిగ్గా పాటించకపోయే అవకాశం మిగతావాళ్లకంటే మూడు రెట్లని 2000లో అనేక అధ్యయనాల్ని కలిపి చూసి లెక్క తేల్చారు. మాత్రలు ఒక్కటే కాదు. నడక ఆగిపోతుంది, తిండికి వేళాపాళా పోతుంది, నిద్ర చెడుతుంది, మానేసిన సిగరెట్ మళ్లీ చేతికొస్తుంది, పరీక్షకి వెళ్లాల్సిన రోజు వెళ్లబుద్ధి కాదు. బద్ధకం అని పేరు పెట్టేస్తాం. రేపు ఒకటి ఉందని నమ్మకం లేనప్పుడు, పదేళ్ల తర్వాత కిడ్నీ పాడవుతుందని చెబితే ఎవరికి ఎక్కుతుంది?

ఆయనకి డిప్రెషన్‌కి వైద్యం మొదలైంది. మూడు నెలలకి ఒకరోజు లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయని వచ్చారు. బీపీ నూట నాలుగు. నేను పెంచుకుంటూ పోయిన మందులన్నీ ఆయన అప్పుడే నిజంగా వేసుకోవడం మొదలుపెట్టారు మరి. రెండు మందులు తీసేశాను.

మీ అక్క నడుం నొప్పి సంగతికి వస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లో చేయించిన అధ్యయనం ఒకటి 1999లో వచ్చింది. మామూలు డాక్టర్ల దగ్గరికి వచ్చిన డిప్రెషన్ రోగులు 1,146 మందిలో 69 శాతం మంది చెప్పుకున్నది ఒంటి బాధలే. దిగులుగా ఉందని వాళ్లు రాలేదు. తలనొప్పి, నడుం నొప్పి, నీరసం, కడుపులో బాగాలేదు, ఇవే. వెన్నుపాములోంచి పైకి వెళ్లే నొప్పి సంకేతాల్ని మెదడు పైనుంచి కొంతవరకు అణచిపెడుతుంది. ఆ పనికి వాడే రసాయనాలు సెరటోనిన్, నోరెడ్రినలిన్. డిప్రెషన్‌కి వాడే చాలా మందులు పనిచేసేది కూడా వీటి మీదే. అందుకే డులాక్సెటిన్ అనే డిప్రెషన్ మందుని షుగర్ వల్ల కాళ్లలో వచ్చే మంటలకి కూడా వాడతారు. స్కానింగులో ఏమీ లేదంటే ఎముకకి, డిస్క్‌కి పెద్ద తేడా కనపడలేదని అర్థం. నొప్పి లేదని కాదు. "రిపోర్టు నార్మల్, నీకేం లేదు" అని ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి, అది విన్నాక ఆవిడ నొప్పి చెప్పుకోవడం మానేస్తారు, నొప్పి మాత్రం ఎక్కడికీ పోదు.

అలాగని ప్రతిదీ మనసు మీదికి తోసేయకూడదు. కడుపులో అల్సర్లు టెన్షన్ వల్లే వస్తాయని చాలా ఏళ్లు వైద్యులే గట్టిగా నమ్మారు. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు, ఎక్కువ అల్సర్లకి హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా కారణమని చూపించారు. మార్షల్ 1984లో ఆ క్రిమిని తనే తాగి కడుపు పాడుచేసుకుని మరీ చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అప్పటిదాకా ఎంతమందికి "టెన్షన్ తగ్గించుకోండి" అని చెప్పి పంపేశామో! క్యాన్సర్ విషయంలోనూ ఇలాంటి మాట ఒకటి తిరుగుతుంటుంది, బెంగ పెట్టుకుంటే క్యాన్సర్ వస్తుందని. మూడు లక్షలమందికి పైగా మనుషుల సమాచారం కలిపి 2023లో చూసినప్పుడు, డిప్రెషన్‌కీ రొమ్ము, ప్రోస్టేట్, పెద్దపేగు క్యాన్సర్లకీ సంబంధం కనపడలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మాత్రం కొద్దిగా కనపడింది, దానికీ చాలావరకు పొగతాగడం లాంటి అలవాట్లే కారణం. క్యాన్సర్ వచ్చినవాళ్లని "నువ్వు బెంగపెట్టుకోబట్టే" అనడం నాకైతే క్రూరత్వంగా అనిపిస్తుంది.

ఇంకో పొరపాటు నేనే చేశాను. ఒకావిడ నీరసం, నిద్రమత్తు, దేనిమీదా ఆసక్తి లేదు, బరువు పెరుగుతున్నానని వచ్చారు. ఆమధ్యే వాళ్లింట్లో ఒకరు పోయారు. సరిగ్గా సరిపోయింది అనుకుని డిప్రెషన్ మందు రాశాను. నాలుగు నెలలు ఏ మార్పూ లేదు. గొంతు బొంగురుపోయిందేంటని ఇంకెవరో అడిగితే అప్పుడు థైరాయిడ్ పరీక్ష చేయించాం. థైరాయిడ్ తక్కువైతే పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ ఆకాశంలో ఉంది. ఒక్క రక్తపరీక్షతో మొదటిరోజే తేలిపోయేది. థైరాయిడ్ తక్కువైనా, రక్తహీనత ఉన్నా, బీ12 తగ్గినా, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నా, అన్నీ డిప్రెషన్ వేషంలోనే వస్తాయి. మీ అక్క షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే, చాలాకాలం వాడినవాళ్లలో కొందరికి బీ12 తగ్గుతుంది కూడా. ఆవిడ మొదలుపెట్టి ఆర్నెల్లే కాబట్టి ఇప్పుడే భయం లేదు, ఒకసారి చూపించి పెట్టుకుంటే సరి.

మీరు రాయని సంగతి ఒకటుంది. మానేయకముందు ఆవిడ వాడిన మందుల పేర్లేంటి? డిప్రెషన్ మందుల్లో మిర్టాజపిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి కొందరికి ఆకలి, బరువు పెంచుతాయి. కొన్నిసార్లు వీటికి తోడు ఇచ్చే ఓలాంజపిన్ అయితే బరువుతో పాటు షుగర్‌ని కూడా పెంచగలదు. అందరికీ అలా జరగదు, ఆ మందులు చెడ్డవీ కాదు, అవసరమైనచోట ప్రాణం నిలబెడతాయి. కానీ షుగర్ వచ్చిన మనిషికి మళ్లీ మందు మొదలుపెట్టేటప్పుడు, ఎంపిక చేసే డాక్టరుకి షుగర్ సంగతి తెలిసి తీరాలి. గుండెకి ఆస్పిరిన్ వాడేవాళ్లకీ, నొప్పి మాత్రలు తరచూ మింగేవాళ్లకీ ఇంకో జాగ్రత్త ఉంది: ఎస్ఎస్ఆర్ఐ రకం డిప్రెషన్ మందులు వాటితో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. నడుం నొప్పికి ఆవిడ సొంతంగా ఏమైనా మింగుతున్నారా, కనుక్కోండి.

డిప్రెషన్ తగ్గిస్తే షుగర్, గుండె వాటంతటవే బాగుపడతాయా? ఇక్కడ జవాబు మనం కోరుకున్నంత అందంగా లేదు. గుండెపోటు వచ్చిన దాదాపు రెండున్నర వేల మందిలో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2003లో వచ్చాయి. కౌన్సెలింగ్‌తో మనసు కుదుటపడింది, కానీ మరణాలు, మళ్లీ గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. కొరియాలో 300 మందికి 24 వారాలు డిప్రెషన్ మందో, ఉత్తుత్తి మాత్రో ఇచ్చి సుమారు ఎనిమిదేళ్లు గమనిస్తే (2018లో వచ్చింది) గుండె సమస్యలు మందు వాడినవాళ్లలో 41 శాతం, రెండో గుంపులో 54 శాతం. రెండు ఫలితాలు రెండు మాటలు చెబుతున్నాయి. నాకు బాగా నచ్చింది 2010 నాటిది. డిప్రెషన్‌తో పాటు షుగరో గుండె జబ్బో అదుపులో లేని 214 మందిలో సగంమందికి ఒక నర్సుని అప్పగించారు. ఆ నర్సు డిప్రెషన్‌నీ, షుగర్‌నీ, బీపీనీ ఒకే కాగితం మీద పెట్టుకుని, ఫోన్ చేసి అడుగుతూ, డాక్టర్లతో మాట్లాడి మందులు సరిచేయిస్తూ ఉండేది. ఏడాదికి డిప్రెషన్, మూడు నెలల షుగర్ సగటు, బీపీ, చెడ్డ కొలెస్ట్రాల్ అన్నీ రెండో సగం కంటే మెరుగయ్యాయి. కొత్త మందేమీ లేదు. ఒక మనిషి రెండు జబ్బుల్నీ కలిపి పట్టించుకుంది. మీ ఇంట్లో ఆ నర్సు పని మీరు చేయొచ్చు.

నడక కూడా మంచిదే. యాభై దాటిన 156 మంది డిప్రెషన్ రోగుల్లో 16 వారాల వ్యాయామం మందుతో సమానంగా పనిచేసిందని 1999లో చూశారు, షుగర్‌కీ అది మందే. కాకపోతే మంచం దిగడమే కష్టంగా ఉన్న మనిషితో "రోజూ గంట నడువు" అంటే ఇంకో నేరం మోపినట్టు అవుతుంది. పది నిమిషాలు, మీరు కూడా వెంట నడిస్తేనే.

ఈ వారంలో చేయాల్సింది చెబుతాను. మందులన్నీ, ఖాళీ స్ట్రిప్పులతో సహా, ఒక సంచీలో వేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, మూడు నెలల షుగర్ సగటు చూపించండి. మానేసిన డిప్రెషన్ మందు మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టొద్దు. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంటుంది, పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ మార్కులు వస్తే గట్టిగా చూడాలి. దాంట్లో ఆఖరి ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. దానికి "సున్నా" తప్ప ఏ జవాబు వచ్చినా వారం ఆగకండి, అదేరోజు చూపించండి, ఆవిణ్ని ఒంటరిగా వదలకండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని భయపడతారు చాలామంది. అవ్వదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకున్నవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

ఇక అక్కతో ఏమనాలి అన్నారు. "నువ్వు దిగులుపడటం వల్ల షుగర్ వచ్చింది" అనకండి, ఆవిడ దగ్గర ఇప్పటికే తన మీద తనకి చాలా నేరారోపణలు ఉండి ఉంటాయి. "ఈ రెండు జబ్బులూ చాలామందికి కలిసే ఉంటాయట అక్కా, రెండింటికీ కలిపి వైద్యం చేయించుకోవచ్చట, డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను" అనండి. ఆ తర్వాత ఆవిడ ఏమంటారో వినండి. "ఒకటే కదా" అంటే గనక, డాక్టరు గదిలోకి వెళ్లాక ఆ మాట ముందు చెప్పండి, షుగర్ రిపోర్టు తర్వాత చూపించొచ్చు.